శిఖరారోహణం: సాహసమా? దుస్సాహసమా?

రోలుగుంట పొలిమేరలో నిలిచి చూచిన చాలు, తూర్పు కనుమల వరుసలు కన్నులపండువు చేస్తాయి. ఈ కనుమలలో మిక్కిలి ఎత్తైన శిఖరాలు సైతం 1,700 మీటర్లకు మించవు. లంబసింగి చలికే వణికే మనకు 8,849 మీటర్ల ఎవరెస్టు ఊహకైనా అందదు. అట్టి చోటికి మానవుడు ప్రాణాలను పణంగా పెట్టి ఏల వెళ్ళుచున్నాడు? తెలుగువారి ఉదాహరణలతోనే ఈ ప్రశ్నను పరిశీలిద్దాము.

ముందుగా ప్రమాదాల సంగతి. ఎత్తుకు పోయినకొలది గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గుతుందని పలువురు తలుస్తారు. నిజానికి ఆ పాలు అక్కడ కూడా నూటికి సుమారు 21 వంతులే. తగ్గేది గాలి పీడనం. ఎవరెస్టు కొనపై అది సముద్రమట్టంలోని పీడనంలో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే. అందువలన ఒక్కొక్క ఊపిరితో లోనికి పోయే ప్రాణవాయువు కూడా అదే లెక్కన తగ్గుతుంది. శరీరానికి అలవాటు కాకముందే తొందరపడి ఎక్కినవారికి ఊపిరితిత్తులలో, మెదడులో నీరు చేరవచ్చు. వెంటనే క్రిందికి దింపడమే దానికి ముఖ్యమైన చికిత్స. 8,000 మీటర్లు దాటిన ప్రాంతాన్ని ‘మృత్యుమండలం’ అంటారు. అక్కడ ఎంతటి దేహమైనా క్షీణించక తప్పదు. అన్నిటికంటె భయంకరమైనది బుద్ధి మందగించడం. వెనుదిరుగుమని హెచ్చరించవలసిన వివేకమే అక్కడ మొద్దుబారుతుంది.

ఇన్ని తెలిసియు వెళ్ళేవారున్నారు. మన పొరుగున విజయనగరం చెంత గల కోరుకొండ సైనిక పాఠశాల పూర్వవిద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టు యాత్రలో అసువులు బాసారు. పాఠశాలలోని ఆయన విగ్రహం మల్లి మస్తాన్ బాబు అనే నెల్లూరు జిల్లా విద్యార్థికి స్ఫూర్తినిచ్చింది. 2006లో మస్తాన్ బాబు 172 దినాలలో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను అధిరోహించారు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా ఎక్కబోయి అదృశ్యమయ్యారు. ఏప్రిల్ 3న ఆయన భౌతికకాయం లభించింది.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. భువనగిరి కొండపై మొదలైన శిక్షణ డార్జిలింగ్, లడాఖ్‌ల వరకు సాగింది. 2014 మే 25న వారిద్దరూ ఎవరెస్టుపై నిలిచారు. అప్పటికి పూర్ణకు పదునాలుగేళ్ళు నిండలేదు. పేదింటి బిడ్డలు దేనికీ తీసిపోరని నిరూపించడమే వారి ఆశయం.

ఆ ఏడాదే ఏప్రిల్ 18న ఎవరెస్టు నేపాల్ వైపున మంచు విరిగిపడి 16 మంది నేపాలీలు మరణించారు. ఇతరుల యాత్ర కొరకు బరువులు మోసి దారి సిద్ధపరచే శ్రమజీవులు వారు. వారిని కొండకు పంపినది కీర్తికాంక్ష కాదు, కూటి కొరకైన పని. తాటిచెట్టెక్కే మన గీతకార్మికుని సాహసము వంటిదే అది. ఈ సాహసాన్ని కూడా మనం గుర్తింపవలెను.

విద్యార్థులారా! విగ్రహాన్ని చూపి ఉత్సాహపరచడం ఉపాధ్యాయులమైన మాకు సులభమే. కాని ఆ విగ్రహం ఏ తల్లి కడుపుకోతకు గుర్తో చెప్పడం కూడా మా విధి. శిక్షణ, సహచరులు, సమయానికి వెనుదిరిగే వివేకం ఉన్నప్పుడే అది సాహసం, లేనప్పుడు దుస్సాహసం. వివేకమున్నను మృత్యువు రాదని ఎవరూ పూచీ పడలేరు. ఆ సంగతి ఎరిగి అడుగు వేసేవారిని గౌరవిద్దాము. వారు క్షేమంగా ఇల్లు చేరవలెనని కోరుకొందాము.