తేలిన చేప: ముందు అడగవలసిన ప్రశ్న

ఎండలు ముదిరి చెరువులు అడుగంటే రోజుల్లో రామగుండం, గోదావరిఖని, పెద్దపల్లి ప్రాంతాల కుటుంబాల నుండి మాకు తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. "మౌలానా సాబ్! చెరువులో చేపలు చచ్చి తేలినయి. అగ్గువకు అమ్ముతున్నరు. తినొచ్చా?" ప్రశ్న చిన్నదే. కాని దానికి సరైన జవాబు చెప్పాలంటే వంటింటి నుండి బయలుదేరి గోదావరి ఒడ్డు దాకా వెళ్ళవలసి ఉంటుంది.

ముందుగా ధర్మశాస్త్రం ఏమంటుందో చూద్దాం. నీటి వేట, నీటి ఆహారం మనకు ధర్మసమ్మతం చేయబడ్డాయని దివ్యఖుర్ఆన్ మాయిదా సూరా 96వ ఆయత్ ద్వారా తెలుస్తోంది. చేపను జిబహ్ చేయవలసిన అవసరం లేదు. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వాన సముద్ర తీరానికి వెళ్ళిన సహాబాల దళం, ఆకులు తిని ఆకలి తీర్చుకుంటున్న స్థితిలో, సముద్రం ఒడ్డుకు విసిరేసిన ఒక బ్రహ్మాండమైన చేపను రోజుల తరబడి తిన్నారు. వారు మదీనాకు తిరిగి వచ్చాక దైవప్రవక్త (స) కూడా దాని మాంసం కొంత అడిగి తీసుకుని తిన్నారు. ఈ సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

మరోవైపు, నీటిలో చచ్చి తేలినదాన్ని తినరాదని హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా అబూ దావూద్ గ్రంథంలో ఒక ఉల్లేఖనం ఉంది. దాని పరంపర గురించి హదీసువేత్తలు చర్చించారు. అందుకే ఇమామ్ షాఫియీ (రహ్మ) వంటి వారు తేలిన చేపను కూడా అనుమతించారు. మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ మస్లక్ ప్రకారం, ఏ కారణమూ లేకుండా తానుగా చచ్చి వెల్లకిలా తేలిన చేపను (ఫుఖహా దీన్ని 'తాఫీ' అంటారు) తినరాదు. వలలో చిక్కి, ఒడ్డున పడి, లేదా నీరు ఇంకిపోయి చచ్చిన చేపను తినవచ్చు. నీటి వేడికో చలికో చచ్చిన చేప విషయంలో రెండు అభిప్రాయాలున్నాయి.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. మన ఫుఖహా చేపను చూసి వెంటనే హలాల్ అనలేదు, హరామ్ అనలేదు. "అది ఎలా చచ్చింది?" అని అడిగారు. హుకుం అంతా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంది. వెయ్యేళ్ళ నాడు వారు అడిగిన ఆ ప్రశ్నను మనం మాత్రం అడగడం మానేశాం. చేప చవకగా వచ్చిందా, వండుకోవచ్చా అన్నంత వరకే మన ఆసక్తి.

ఎలా చచ్చింది?

చేప కూడా మనలాగే ప్రాణవాయువు పీలుస్తుంది. అయితే నీటిలో కరిగిన దాన్ని మొప్పలతో తీసుకుంటుంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గిపోతుంది. 20 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 35 డిగ్రీల నీటిలో సుమారు 7 మాత్రమే కరుగుతుంది. అంటే మనలాంటి ఉష్ణ దేశాల చెరువు ఎండాకాలంలో ఏ కాలుష్యమూ లేకపోయినా ఇరుకు బతుకే బతుకుతుంది. అందులోకి ఊరి మురుగు వచ్చి చేరిందనుకోండి. మురుగును కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మిగిలిన ప్రాణవాయువును కాజేస్తాయి. మురుగులోని పోషకాలతో పాచి, గుర్రపు డెక్క విజృంభిస్తాయి. పగలు ప్రాణవాయువునిచ్చే ఆ పాచే రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది. తెల్లవారుజామున, సరిగ్గా మనం ఫజ్ర్ కు లేచే వేళకు, నీటిలో ఊపిరి అన్నింటికంటే తక్కువగా ఉంటుంది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచి కొట్టుకుంటాయి. తెల్లారేసరికి తేలుతాయి.

అన్ని రకాలూ ఒకేసారి చావవు. బొచ్చె, రోహు, మ్రిగాల వంటివి ముందు పోతాయి. కొర్రమట్ట, మార్పు వంటివి పైకి వచ్చి గాలిని నేరుగా మింగగలవు కాబట్టి కొన్నాళ్ళు నిలబడతాయి. సృష్టికర్త ఒక్కో జీవికి ఒక్కో ఉపాయం ఇచ్చాడు. బొచ్చె పై నీటిలో మేస్తుంది, రోహు నడిమి నీటిలో, మ్రిగాల అడుగున. ఒకదాని మేత మరొకటి లాక్కోదు. రహ్మాన్ సూరాలో ప్రస్తావించబడిన మీజాన్ ను, అంటే సమతూకాన్ని, అర్థం చేసుకోవడానికి ఒక మంచి చెరువు చాలు. కొర్రమట్ట జంట తమ పిల్లల గుంపును నీటి పైన కాపలా కాస్తూ తిరుగుతుంది. ఆ సమయంలో తల్లిదండ్రులను పట్టేస్తే పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి. 2016లో ఈ చేపనే తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. ప్రకటన బాగుంది. అది బతికే నీటి మాట ఏమిటి?

గోదావరి, గని

గోదావరిఖని అన్న పేరులోనే నది, గని రెండూ ఉన్నాయి. ఈ ప్రాంతపు బతుకు కూడా ఆ రెంటి మీదే నడుస్తోంది. సింగరేణి బొగ్గు, 1983లో మొదటి యూనిట్ మొదలైన ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం వేలాది కుటుంబాలకు అన్నం పెడుతున్నాయి. వాటిలో మన కుటుంబాలూ ఉన్నాయి. ఈ వ్యాసం ఆ అన్నాన్ని నిందించడానికి కాదు. కాని బొగ్గు తవ్వితే మట్టి వస్తుంది, కాల్చితే బూడిద వస్తుంది. మన దేశపు బొగ్గులో బూడిద పాలు చాలా ఎక్కువ. ఓపెన్ కాస్టు గనుల మట్టి దిబ్బల నుండి వానకు కొట్టుకొచ్చే ఒండ్రు, ఎక్కడైనా గట్టు దాటి వచ్చే బూడిద వాగు అడుగున పొరలా పేరుకుంటే చేప గుడ్లు, చేపలు తినే పురుగులు ఊపిరాడక చస్తాయి. చేపను ఎవరూ చంపినట్టు కనిపించదు. మరుసటి ఏడాది చేప పుట్టదు, అంతే.

ఒక మేలు కూడా చెప్పుకోవాలి. మేఘాలయలో గంధకం ఎక్కువగా ఉన్న బొగ్గు తవ్వడం వల్ల వాగులు ఆమ్లంగా మారి చేపలు లేకుండా పోయాయి. మన గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. కాబట్టి ఆ విపత్తు మనకు అంతగా లేదు. మనకున్న ముప్పు ఒండ్రు, బూడిద, అన్నింటికంటే ఎక్కువగా పట్టణాల మురుగు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో కలుషితమైన 351 నదీ భాగాల జాబితా తయారు చేసింది. అందులో తెలంగాణవి 8. ఆ ఎనిమిదింటిలో మన గోదావరి ఉంది, మంథని దాటాక దానిలో కలిసే మానేరూ ఉంది.

మురుగు ఎవరిది? కంపెనీది కాదు, ఇంటింటిది. మరుగుదొడ్డి గొట్టాన్ని కాలువలోకి వదిలిన ప్రతి ఇంటిది. నిలిచిన నీటిలో మూత్ర విసర్జన చేయరాదని దైవప్రవక్త (స) వారించిన హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. నీటి రేవుల వద్ద, దారుల్లో, నీడ పట్టున మలవిసర్జన చేయడం శాపానికి గురిచేసే పనులుగా అబూ దావూద్ హదీసులో లెక్కించబడ్డాయి. ఒక మనిషి చేసిన మూత్ర విసర్జననే వారించిన ధర్మం, ఒక కాలనీ మొత్తం గొట్టాలు పెట్టి చేసే పనిని అనుమతిస్తుందా?

మంథనికి దగ్గరలో శివ్వారం అభయారణ్యం ఉంది. అక్కడ గోదావరి ఇంగ్లీషు 'ఎల్' అక్షరంలా మలుపు తిరిగే చోటును ఎల్ మడుగు అంటారు. ఆ మడుగులో మొసళ్ళు నివసిస్తున్నాయి. గనులకు, చిమ్నీలకు ఇంత దగ్గరలో ఇంకా మొసళ్ళు మిగిలి ఉన్నాయంటే చాలామంది నమ్మరు. మొసలి మన ఆహారం కాదు, మనకు దానితో పని లేదు అనుకుంటాం. కాని భూమిపై నడిచే ప్రతి జీవీ, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మీలాంటి సముదాయాలే అని అన్ఆమ్ సూరా 38వ ఆయత్ భావం. దస్తర్ ఖాన్ మీదికి వచ్చేవి మాత్రమే సముదాయాలని అందులో లేదు. చేపలు పోతే మొసలీ పోతుంది.

ఎదురెక్కే చేపలు, శనివారం ప్రజలు

తొలకరి వరద రాగానే చేపలు గుడ్లు పెట్టడానికి నీటికి ఎదురెక్కుతాయి. నదిలో నుండి వాగుల్లోకి, వాగుల్లో నుండి చెరువుల మత్తళ్ళ దాకా వస్తాయి. ఆ ప్రయాణానికి ఇప్పుడు అడ్డంకులు ఎక్కువయ్యాయి. నదిపై ఎల్లంపల్లి ప్రాజెక్టు వచ్చింది. దాని దిగువన 2019లో సుందిళ్ళ, అన్నారం, మేడిగడ్డ బ్యారేజీలు వచ్చాయి. పారే నీరు నిలువ నీరైంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ పియర్లు కుంగిన తరువాత అక్కడ నీరు నిలపడం ఆపారు. ఆనకట్టల లాభనష్టాల చర్చ ఇంజనీర్లది, దాని జోలికి మేము వెళ్ళం. పారే నీటికి అలవాటుపడిన చేపకు మాత్రం ఇదంతా చిన్న మార్పు కాదు.

అడ్డంకులు దాటి వచ్చిన చేపకు ఎదురయ్యేది మనం. మత్తడి దగ్గర దోమతెర లాంటి వలలతో, బుట్టలతో కడుపు నిండా గుడ్లున్న చేపలను పట్టేస్తున్నాం. కొన్ని చోట్ల తోటాలు పేల్చి, మందు కలిపి, కరెంటు పెట్టి కూడా పడుతున్నారు. పేలుడుతోను, విషంతోను చేపలు పట్టడం 1897 నాటి మత్స్య చట్టం కాలం నుండే నేరం. తోటా పేలుడుకు చచ్చిన చేప హలాలేనా అని ఒక యువకుడు మమ్మల్ని అడిగాడు. చావుకు కారణం తెలుసు కాబట్టి మాంసం మాట వేరు. కాని ఆ పని మాత్రం అధర్మం. అది పిల్లచేపలను, గుడ్లను కలిపి నాశనం చేస్తుంది. ఆ నీటిపై బతికే ముదిరాజ్, గంగపుత్ర సోదరుల రేపటి అన్నాన్ని లాక్కుంటుంది. ఇది హుఖూఖుల్ ఇబాద్, అంటే సాటి మనుషుల హక్కుల విషయం. దీనికి తౌబా ఒక్కటే చాలదు, హక్కుదారు క్షమించాలి.

ఆరాఫ్ సూరా 163 నుండి 166 వరకు గల ఆయతుల్లో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఊరి కథ ఉంది. శనివారం వేట వారికి నిషేధం. పరీక్షగా ఆ రోజే చేపలు నీటి పైకి వచ్చేవి, మిగతా రోజుల్లో కనిపించేవి కావు. వారు ముందు రోజు వలలు, గుంటలు సిద్ధం చేసి, మరుసటి రోజు చేపలు తీసుకునేవారని వ్యాఖ్యాతలు రాశారు. ఆ నిషేధం వారికి ప్రత్యేకమైనది. దాన్ని తెచ్చి మన వానాకాలం వేటకు అంటగట్టడం విద్యాపరంగా సరికాదు. మేము చూపదలచింది ఆ ఊరి మనుషులను. వారు మూడు వర్గాలు. హద్దు మీరినవారు, వారిని వారించినవారు, "వీళ్ళకు చెప్పి లాభమేమిటి" అంటూ ఊరుకున్నవారు. వారించినవారు కాపాడబడ్డారని, హద్దు మీరినవారు శిక్షించబడ్డారని స్పష్టంగా ఉంది. ఊరుకున్నవారి సంగతి? ఈ ఆయతుల దగ్గరకు వచ్చినప్పుడు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఏడ్చేవారని, మేమూ ఎన్నో చెడులు చూసి ఊరుకుంటున్నామే అని భయపడేవారని, వారు కూడా కాపాడబడ్డారని శిష్యుడు ఇక్రిమా (రహ్మ) వివరించగా ఊరట చెందారని తఫ్సీరు గ్రంథాల్లో ఉంది. అంతటి పండితుణ్ణి ఏడిపించిన మౌనం అది.

ఆఫ్రికా తీరాన జాంజిబార్ లోని పెంబా దగ్గర మిసాలీ అనే చిన్న ద్వీపం ఉంది. అక్కడి ముస్లిం జాలరులు కొందరు తోటాలతో పగడపు దిబ్బలను బద్దలుకొట్టి చేపలు పట్టేవారు. ప్రభుత్వ నిబంధనలతో కాని పని, 1990ల చివరలో మసీదు ఇమాములు, మదరసాల ద్వారా ఖుర్ఆన్ బోధనతో చాలావరకు సాధ్యమైంది. ఇండోనేషియా ఉలమా మండలి 2011లో గనుల తవ్వకం పర్యావరణాన్ని పాడుచేయరాదని, 2014లో అంతరించిపోతున్న జంతువులను కాపాడాలని ఫత్వాలిచ్చింది. గనుల మధ్య బతుకుతున్న మన జుమా ఖుత్బాల్లో ఈ మాట ఎన్నిసార్లు వచ్చిందో పాఠకులే లెక్క చూసుకోవాలి.

మన ఇంటి లెక్క

ఇతరుల పండుగలకు చెరువులు ఎలా పాడవుతున్నాయో చెప్పడం తేలిక. బక్రీద్ మరునాడు నాలా దగ్గరకు వెళ్ళి చూడండి. ఖుర్బానీ పశువుల పేగులు, పొట్టలోని వ్యర్థం సంచుల్లో కట్టి పడేసి ఉంటాయి. ఇబాదత్ గా మొదలైన పని పొరుగువారి నీటిని పాడుచేయడంతో ముగియడం ఎంత బాధాకరం! గొయ్యి తీసి పూడ్చడానికి అరగంట పట్టదు. స్థలం లేనివారు మునిసిపాలిటీ బండి వచ్చే వేళ ముందే కనుక్కోవాలి.

ప్లాటు కొనేవారు అది శిఖం భూమి అవునా కాదా అని పాత రికార్డు చూడాలి. బావి చుట్టూ 40 మూరల మేర మరొకరికి హక్కు లేని 'హరీమ్' ఉంటుందని ఇబ్నె మాజా ఉల్లేఖనం. నదులకూ హరీమ్ ఉంటుందని ఫుఖహా రాశారు. చెరువు శిఖం కూడా అలాంటిదే. పట్టా ఎవరిచ్చినా నీటి హక్కు పోదు. వాగులో నీరు నల్లబడినా, చేపలు కుప్పలుగా తేలినా ఫోటో, తేదీ, చోటుతో రామగుండంలోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాసి ఇవ్వండి. రాసిన దాని నకలు దగ్గర ఉంచుకోండి.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. కుప్పలుగా తేలిన చేపలు ఏ కారణంతో చచ్చాయో తెలియకపోతే హనఫీ మస్లక్ ప్రకారం వదిలేయాలి. మురుగుతోనో మందుతోనో చచ్చాయని తెలిస్తే, తాఫీ కాకపోయినా, ప్రాణానికి హాని చేసేది గనుక తినరాదు. అమ్మేవాడు ఆ సంగతి దాచి అమ్మడం మోసం. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) మందలించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. కొన్నాక లోపం బయటపడితే చేప తిరిగి ఇచ్చి డబ్బు వాపసు అడిగే హక్కు కొన్నవారికి ఉంది.