తోలు సంచి, మైనపు కాన్వాసు సంచి: ఎట్లా కాపాడుకోవాలి?

సంచి లేని విద్యార్థి ఉండడు. పుస్తకాలు, టిఫిను డబ్బా, ప్రాక్టికల్ రికార్డు, వానాకాలంలో గొడుగు, అన్నీ అందులోకే. మంచి తోలు సంచి గానీ, మైనం పట్టించిన కాన్వాసు సంచి గానీ సరిగ్గా చూసుకుంటే ఏళ్ళ తరబడి మన్నుతుంది. చూసుకోకపోతే రెండు వానాకాలాలకే బూజు పట్టి మూల పడుతుంది. ఎట్లా చూసుకోవాలో తెలియడానికి మనం తరగతిలో చదివే రసాయనశాస్త్రమే చాలు.

ముందుగా ఒక హెచ్చరిక. బజారులో తోలని చెప్పి అమ్మేవన్నీ తోలు కావు. గుడ్డ మీద ప్లాస్టిక్ పూత పూసిన రెగ్జిను కూడా అదే పేరుతో అమ్ముతారు. కోసిన అంచు చూడండి. తోలయితే పీచుపీచుగా ఉంటుంది. రెగ్జిను అయితే అడుగున గుడ్డ నేత కనిపిస్తుంది. అందులో పాలీయురెథేను పూత ఉన్నదాన్ని గాలిలోని తేమే క్రమంగా విడగొడుతుంది. అందుకే పొలుసులుగా రాలిపోతుంది. దానికి ఏ నూనె రాసినా దండుగే.

తోలు అంటే ఏమిటి?

చర్మంలో ముఖ్యమైన పదార్థం కొల్లాజెన్ అనే ప్రోటీను. దాని అణువు మూడు పేటలు మెలివేసిన తాడులా ఉంటుందని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. పలుపుతాడు పేనడం చూసినవాళ్ళకు ఈ బొమ్మ ఇట్టే అర్థమవుతుంది. పచ్చి చర్మాన్ని అట్లాగే వదిలేస్తే సూక్ష్మజీవులు ఈ తాళ్ళను తినేస్తాయి. ఎండబెడితే చెక్కలా బిగుసుకుంటుంది. ఈ తాళ్ళ మధ్య బంధాలు వేసి, కుళ్ళకుండా, మెత్తగా ఉండేట్టు చెయ్యడాన్నే తోలు పదును చెయ్యడం అంటారు.

మన పల్లెల్లో సున్నంతో వెంట్రుకలు ఊడదీసి, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వేసిన లందల్లో రోజుల తరబడి నానబెట్టేవారు. వాటిలోని టానిన్లు కొల్లాజెన్‌ను పట్టుకుంటాయి. బతుకమ్మలో పేర్చే తంగేడు పూలు ఈ చెట్టువే. రెండో పద్ధతి క్రోమియం లవణాలతో పదును చెయ్యడం. పచ్చి చర్మాన్ని నీళ్ళలో వేడిచేస్తే సుమారు 60, 65 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే ముడుచుకుపోతుంది. చెట్ల చెక్కతో పదును చేసింది 75, 85 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. క్రోము తోలు 100 డిగ్రీల దాకా తట్టుకుంటుంది.

తోలు సంచికి నాలుగు మాటలు

ఒకటి, బట్టల సబ్బు వాడకూడదు. తోలు స్వభావం ఆమ్లం, దాని పీహెచ్ సుమారు 3.5 నుంచి 5. సబ్బు నీళ్ళది 9, 10 ఉంటుంది. ఆ క్షారం టానిన్లను వదలగొడుతుంది, లోపలి నూనెను లాగేస్తుంది. మెత్తని గుడ్డను తడిపి, గట్టిగా పిండి తుడిస్తే చాలు.

రెండు, తడిసిన సంచిని ఎండలో గానీ, పొయ్యి దగ్గర గానీ పెట్టకూడదు. తడి ఉన్నప్పుడే తోలుకు వేడి ఎక్కువ చేటు చేస్తుంది. లోపల తెల్ల కాగితాలు కూరి, నీడలో, గాలి తగిలే చోట ఆరనివ్వాలి. అచ్చుకాగితాలయితే సిరా అంటుకోవచ్చు.

మూడు, నూనె. పీచులు ఒకదానిమీద ఒకటి జారడానికి నూనె కావాలి. అది పోతే వంగినచోటల్లా పగులుతుంది. అయితే అన్ని నూనెలూ పనికిరావు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజనుతో కలిసి వార్నీషులా గట్టిపడుతుంది. వేరుశనగ నూనె చిక్కు వాసన వేస్తుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల కింద పేరుకుంటుంది. ఆముదం ఆరి గట్టిపడే నూనె కాదు. చెప్పులకు ఆముదం రాసే పాత అలవాటులోని కిటుకు ఇదే. మూడు పాళ్ళు ఆముదం, ఒక పాలు తేనెమైనం గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ళలో ఉంచి కరిగించాలి. చల్లారాక ఆరు నెలలకొకసారి గుడ్డతో పల్చగా రుద్దాలి. మామూలు సంచికి ఒక చెంచాడు చాలు. ఎక్కువైతే దుమ్ము పడుతుంది. రంగు కొంచెం ముదురుతుంది కాబట్టి ముందు అడుగుభాగాన రాసి చూడండి. నూగు తోలుకు మాత్రం నూనె వద్దు.

నాలుగు, ఇనుము తగలనివ్వకూడదు. చెక్కతో పదును చేసిన తోలుకు తుప్పు తగిలితే నల్లమచ్చ పడుతుంది. టానిను, ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, ఇనుపముక్కలు బెల్లంతో పులియబెట్టిన నీళ్ళతో గీసే నల్లగీత కూడా ఇదే చర్య. కలంకారీలో అందం, సంచి మీద మచ్చ! ఇత్తడి బకిలీలుంటే ఈ బాధ లేదు.

తోలు మీద తెల్లగా కనిపించిందల్లా బూజు కాదు. లోపలి కొవ్వు పైకి వచ్చి పేరుకున్నా తెల్లగానే ఉంటుంది. వేడినీళ్ళలో ముంచి తుడిచిన చెంచాను దగ్గరగా పట్టండి. కరిగితే కొవ్వు, గుడ్డతో రుద్దితే సరి. కరగకపోతే బూజు. దాన్ని గది బయట పొడిగుడ్డతో దులిపి, సంచిని గాలికి ఆరబెట్టాలి.

మైనపు కాన్వాసు సంగతి

కాన్వాసు అంటే ఒత్తుగా నేసిన నూలుగుడ్డ. ధాన్యం రాశుల మీద, లారీల మీద కప్పే టార్పాలిను పేరులోనే తారు దాగి ఉంది. పూర్వం ఓడల మీద గుడ్డకు తారు పూసేవారు. అవిసె నూనె కూడా పూసి చూశారు గానీ, కొన్నాళ్ళకు పసుపెక్కి పెళుసయ్యేది. 1930ల నడుమ బ్రిటనులో పారఫిన్ మైనం పట్టించిన నూలుగుడ్డ వచ్చాక ఆ ఇబ్బంది తగ్గింది. నూలులోని సెల్యులోజు నీటిని పీల్చుకుంటుంది, మైనం నీటిని దగ్గరకు రానివ్వదు. అందుకే వానచినుకు తామరాకు మీద బొట్టులా జారిపోతుంది.

దీనికి ముఖ్యశత్రువు వేడి. పారఫిన్ మైనం రకాన్ని బట్టి 46 నుంచి 68 డిగ్రీల మధ్య కరుగుతుంది, తేనెమైనం 62, 64 డిగ్రీల మధ్య. మే నెల ఎండలో అద్దాలు మూసిన కారులో వదిలేస్తే మైనం మెత్తబడి పుస్తకాలకు అంటుతుంది. ఈ సంచిని ఇస్త్రీ చెయ్యకూడదు, వాషింగ్ మెషీనులో వెయ్యకూడదు, వేడినీళ్ళు, సబ్బుపొడి తగలనివ్వకూడదు. బురద ఎండాక బ్రష్షుతో దులిపి, చన్నీళ్ళ గుడ్డతో తుడవాలి.

నీళ్ళు జారకుండా గుడ్డలోకి ఇంకుతున్నాయంటే మైనం అరిగిందన్నమాట. ముఖ్యంగా మడతల దగ్గర, అడుగున అరుగుతుంది. పారఫిన్, తేనెమైనం సమానంగా కరిపి గడ్డకట్టించి, ఆ ముక్కతో గుడ్డ మీద రుద్దాలి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో వేడి చూపిస్తే లోపలికి ఇంకుతుంది. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టవద్దు, అంటుకుంటుంది. సంచికి తోలు పట్టీలుంటే వాటికి ఈ డ్రయ్యరు వేడి తగలనివ్వకండి.

రెండు రకాలకూ వర్తించేది ఒకటుంది. సెలవులకు ఊరెళ్ళేటప్పుడు సంచిని పాలిథీను కవరులో కట్టి పెట్టకండి. లోపలి తేమ బయటికి పోక బూజు పడుతుంది. శుభ్రంగా ఆరబెట్టి, పాత పంచెగుడ్డలో చుట్టి, గాలాడే చోట ఉంచండి.

ఈ విద్య ఎవరిది?

పై సంగతుల్లో చాలా భాగం పుస్తకాల కన్నా ముందే మన ఊళ్ళలో మాదిగ వృత్తికారులకు తెలుసు. ఏ చెక్క ఎన్నాళ్ళు నాననివ్వాలో వాళ్ళు చేతిస్పర్శతో చెప్పేవారు. వాళ్ళు చేసిన మోటబానతో పొలాలు తడుపుకున్న ఊరే వాళ్ళను అంటరానివాళ్ళని ఊరి చివర ఉంచింది. తెనాలి దగ్గర యలవర్రులో రైతుకుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ ఆ తోలునే తన శాస్త్రంగా ఎంచుకున్నారు. మద్రాసులో 1948లో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధనాలయానికి 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా పనిచేసి, ఆ పైన దేశంలోని శాస్త్ర పరిశోధనాలయాల మండలికే అధిపతి అయ్యారు. 1985 జూన్ 23న కనిష్క విమాన దుర్ఘటనలో మరణించారు. తోలు పని చిన్నపని కాదని ఆయన జీవితమే చెబుతుంది.

కుట్టు ఒకటి తెగితే పది తెగేదాకా ఆగకండి. బస్టాండు దగ్గర ఆరె, దారం పట్టుకుని కూర్చున్న ఆయన దగ్గరికి ఆ రోజే తీసుకెళ్ళండి. ఈ తోలు ఏ రకమో, దేనితో పదును చేశారో అడగండి, చూసి చెబుతాడు. అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. మన లాబొరేటరీలో దొరకని పాఠం అక్కడ దొరుకుతుంది.