ఉల్లికోడు – మేడిపురుగు

మొక్కలను తిని బ్రదుకు పురుగులు పెక్కులు గలవు. వానిలో కొన్ని, మొక్కచేతనే తమ పిల్లలకు ఇల్లు కట్టించుకొనును. పురుగు సోకినచోట మొక్క వింతగా పెరిగి గొట్టముగనో బుడిపెగనో మారును. లోనున్న పిల్లపురుగునకు అదియే ఇల్లు, అదియే ఆహారము. తెలుగునాట ఇట్టి పురుగులలో రెండు ముఖ్యములు: వరిచేనిలోని ఉల్లికోడు, మేడిపండులోని పురుగు.

ఉల్లికోడు ఈగ దోమవలె సన్ననిది. అది వరి ఆకులపై గ్రుడ్లు పెట్టును. 3, 4 దినములలో వెలువడిన పిల్లపురుగు ఆకుతొడుగుల నడుమగా క్రిందికి ప్రాకి, పిలకలోని మొవ్వును చేరును. అది లోపల తినుచుండగా ఆకుతొడుగు ఉల్లికాడవలె గుల్లయై, వెండిచాయతో పొడవుగా సాగును. కావుననే దానికి ఆ పేరు వచ్చినది. రెక్కలు వచ్చు వేళకు పురుగు గొట్టపు కొనకు చేరి, రంధ్రము చేసికొని యెగిరిపోవును. ఆ పిలక ఇక వెన్ను వేయదు.

మేడిచెట్టు పూయకయే కాయునని కొందరు తలతురు. నిజమునకు పూవులన్నియు కాయలోపలనే దాగియుండును. కందిరీగ జాతికి చెందిన చిన్న ఆడుపురుగు కాయ కొననున్న సన్నని ద్వారమున లోనికి దూరును. ఆ యిరుకులో దాని రెక్కలు ఊడిపోవును. అది తాను పుట్టిన కాయనుండి తెచ్చిన పుప్పొడిని పూవులకు అందించి, కొన్నింటిలో గ్రుడ్లు పెట్టి, అచటనే మరణించును. గ్రుడ్లున్న పూవులు బుడిపెలై పిల్లలను పోషించును. తక్కినవానిలో పెక్కులు విత్తనములగును. పిల్లలు పెరిగిన పిదప, రెక్కలు లేని మగపురుగులు ముందుగా వెలువడి ఆడుపురుగులతో జతకట్టి, కాయగోడను తొలిచి దారి చేసి చనిపోవును. ఆ దారిన ఆడుపురుగులు పుప్పొడితో వెడలి వేరొక కాయను వెదకికొనును.

రెండును మొక్క సొమ్ము తినునవే. కాని ఉల్లికోడు తీసికొనునే గాని తిరిగి యేమియు నీయదు. చేనిలో వెండిగొట్టము కనబడునప్పటికే ఆ పిలక రైతు చేజారినది. దీనిని తట్టుకొనుటకై శాస్త్రజ్ఞులు సురేఖ, ఫల్గుణ వంటి వరి రకములను రూపొందించిరి. ఐనను కొన్ని తావులలో పురుగు క్రొత్త లక్షణములు సంతరించుకొని, ఫల్గుణను సైతము లోబరచుకొన్నది. రైతునకు ఈ పోరు నేటికిని తీరలేదు.

మేడిపురుగు కొన్ని పూవులను గైకొని, తక్కినవానికి విత్తనముల నొసగును. అది లేనిచో మేడికి సంతతి లేదు. మేడి లేనిచో దానికి ఇల్లు లేదు. మేడిపండు చీల్చి పురుగులను చూచి జనులు ఏవగించుకొందురు. వారు రోయు ఆ పురుగుల వలననే చెట్టు వంశము నిలుచుచున్నది. పురుగన్నంతనే పగ యనరాదు; దాని పని నెరిగిన పిదపనే మంచిచెడ్డలు నిర్ణయింపవలెను.