ప్రోగ్రాములకు యంత్రపరీక్ష

మా నల్లమాడ మెట్టరైతులు పుచ్చుగింజ లేరివేయక వేరుసెనగ విత్తరు. తప్పిన అదను మరల రాదు. కంప్యూటరు ప్రోగ్రాముల విషయమును అట్టిదే. అమెరికాలో నైట్ క్యాపిటల్ సంస్థ పనివాడొకడు ఎనిమిది సర్వర్లలో ఒకదానికి క్రొత్త ప్రోగ్రామును చేర్చ మరచెను. సరిచూచు రెండవవాడు లేకుండెను. 2012 ఆగస్టు 1వ తేదీన 45 నిమిషములలో ఆ సంస్థకు 44 కోట్ల డాలర్లకు పైగా నష్టము వాటిల్లెను.

కావున మార్పు జరిగినప్పుడెల్ల ప్రోగ్రామును కూర్చుట, పరీక్షించుట, సర్వర్లన్నిటిపై నెక్కించుట అను మూడు పనులను వరుసగా యంత్రమునకే యొప్పగింతురు. పరీక్షలో తప్పినది ముందునకు పోదు. హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్లగారు ముఖ్యాధికారిగా నుండగా మైక్రోసాఫ్టువారు 2018లో కొనిన గిట్‌హబ్ నందు ఇట్టి యేర్పాటు కలదు.

అయినను, విద్యార్థులారా, వ్రాయని పరీక్షను యంత్రము జరుపజాలదు. ఏ తప్పు రాగలదో ముందుగా ఊహించుట మన పనియే.