శిక్ష పడకపోతే హక్కు నిలవదు

ప్రశ్న: బ్రెజిల్‌లో జరిగే ‘మార్గరీదాల కవాతు’ గురించి విన్నాను. ఎవరీ మార్గరీదా? సంఘం పెట్టుకునే హక్కు ఉన్నా కార్మిక నాయకుల హత్యలు ఎందుకు ఆగడం లేదు?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మార్గరీదా మరియా ఆల్వెస్ పరైబా రాష్ట్రంలోని అలగోవా గ్రాండేలో గ్రామీణ కార్మిక సంఘం అధ్యక్షురాలు. చెరకు కూలీలకు పని కార్డు, 8 గంటల పనిదినం, సెలవులు, పదమూడో నెల జీతం ఇవ్వాలని యజమానుల మీద వందలకొద్దీ కేసులు వేయించారు. 1983 ఆగస్టు 12న ఆమె ఇంటి దగ్గరే, భర్త, కొడుకు చూస్తుండగా ముఖం మీద తుపాకీతో కాల్చి చంపారు. ఆ హత్యకు ఎవరికీ శిక్ష పడలేదు. ఆమె పేరు మీదే 2000 నుంచి గ్రామీణ మహిళలు రాజధాని బ్రసీలియాలో కవాతు చేస్తున్నారు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఆ పడని శిక్షలోనే ఉంది. పల్లెలో పనిచ్చేదీ, అప్పిచ్చేదీ, ఠాణాలో మాట చెల్లించుకునేదీ ఒకే కుటుంబమైతే సాక్షి నోరు విప్పడు. ఒక్క నాయకురాలిని చంపితే సభ్యత్వ రసీదు తీసుకోవడానికి ఊరంతా జంకుతుంది. అందుకే అంతర్జాతీయ కార్మిక సంస్థ సంఘ స్వేచ్ఛను హింస, బెదిరింపులు లేని వాతావరణంతో ముడిపెట్టింది. గ్రామీణ కార్మిక సంఘాలపై దాని 141వ ఒప్పందాన్ని భారత్ 1977లో, బ్రెజిల్ 1994లో ఆమోదించాయి. సంఘ స్వేచ్ఛకు మూలమైన 87వ ఒప్పందాన్ని మాత్రం రెండు దేశాలూ ఆమోదించలేదు.