అక్క చెప్పిందని కొన్నాం, సరుకు నాసిరకం వచ్చింది: మేకప్ కొలాబ్‌లపై జుగ్సలాయి పాఠకులు తరచూ అడిగే ప్రశ్నలు

జంషెడ్‌పూర్ పక్కనున్న జుగ్సలాయిలోని తెలుగు ఇళ్లలో అమ్మాయిలు గుమ్మం దాటితే హిందీ మాట్లాడతారు, ఫోన్ తీస్తే తెలుగు రీల్స్ చూస్తారు. తనలాంటి చామనఛాయకు ఏ ఫౌండేషన్ నప్పుతుందో తన భాషలో చెప్పే అమ్మాయి మీద నమ్మకం కుదరడం సహజం. ఆ అమ్మాయి ఒక బ్రాండ్‌తో చేతులు కలిపి, అంటే కొలాబ్ చేసి, చెప్పిన సరుకు ఆ నమ్మకంతో కొన్నాక నాసిరకం అయితే ‘పోనీలే, మూడొందలే కదా’ అని డబ్బా చెత్తబుట్టలో వేసేస్తాం. నమ్మించి అమ్మినవాళ్లకు ఆ మూడొందలు వేలమంది దగ్గర నుంచి చేరతాయి. చట్టం మాత్రం మూడొందల సరుకునీ సరుకుగానే చూస్తుంది.

అసలు నాణ్యత లోపం అని దేన్ని అంటారు? షేడ్ నప్పకపోయినా అడగవచ్చా?

నప్పకపోవడం లోపం కాదు. వీడియోలో దీపాల వెలుగులో ఎర్రగా కనబడ్డ లిప్‌స్టిక్ మన పెదవి మీద ఇటుకరంగులో తేలితే అది మన ఎంపికలో వచ్చిన తేడా. మే నెల ఎండకు లిప్‌స్టిక్ మీద చెమటలాంటి నూనె చుక్కలు తేలడం కూడా చాలాసార్లు వేడివల్ల జరిగేదే, దానికే పాడైపోయిందని అనుకోనక్కరలేదు. బూజు, పోగులు, గరుకు గింజలు, కుళ్లిన వాసన, తూకం తగ్గడం, రాసిన గడువు రాకముందే విడిపోవడం మాత్రం లోపాలే. పన్నెండు గంటలు చెక్కు చెదరదని ప్రకటనలో చెప్పి రెండు గంటల్లో చారలు కట్టిందంటే అది తప్పుడు ప్రకటన కిందకి వస్తుంది. సరుకు లోపం, మాట లోపం రెండూ వేరు వేరు ఫిర్యాదులు. రెండూ ఉంటే రెండూ రాయండి.

తేడా కనబడగానే మొదట ఏం చేయాలి?

పారేయకండి. డబ్బా, పైన అట్టపెట్టె, మిగిలిన సరుకు, బిల్లు అన్నీ ఒక కవరులో పెట్టండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనబడేలా ఫొటోలు తీయండి. ఇన్‌ఫ్లుయెన్సర్ వీడియోను స్క్రీన్ రికార్డింగ్ చేసుకోండి, ఎందుకంటే గొడవ మొదలయ్యాక ముందు మాయమయ్యేది ఆ వీడియోనే. ఆమె ఇచ్చిన కూపన్ కోడ్ మీ ఆర్డర్‌లో ఉంటే ఆ పేజీ కూడా దాచండి. ఆమె మాట విని కొన్నారని చూపడానికి అంతకంటే మంచి ఆధారం ఉండదు.

బాధ్యత ఎవరిది? బ్రాండ్‌దా, ఆ అమ్మాయిదా? ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకుంటున్నారు.

ఈ తోపులాట ఎలా ఉంటుందో తెలియడానికి అమెరికా ఉదాహరణ ఒకటి ఉంది. జాక్లిన్ హిల్ అనే యూట్యూబర్ 2016లో బెకా అనే బ్రాండ్‌తో కలిసి ఐషాడో పాలెట్ తెచ్చింది. నాణ్యత మీద విమర్శలు రావడంతో బెకా దాన్ని అమ్మకం నుంచి తీసేసింది. 2019లో ఆమె సొంత బ్రాండ్ పేరుతో లిప్‌స్టిక్‌లు తెస్తే, వాటిలో వెంట్రుకల్లాంటి పోగులు, గరుకు పలుకులు ఉన్నాయని కొన్నవాళ్లు ఫొటోలు పెట్టారు. పోగులు ఫ్యాక్టరీలో వాడిన తెల్ల చేతి తొడుగులవని ఆమె చెప్పింది. చివరికి డబ్బు వాపసు ఇవ్వక తప్పలేదు. మొదటిసారి ఆమె కొలాబ్ భాగస్వామి, రెండోసారి యజమాని. కొన్నవాళ్లకు మాత్రం రెండుసార్లూ ఆమె ముఖమే కనబడింది.

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఈ రెండు పాత్రలకూ జవాబు ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటన చేసిన తయారీదారుకూ, దాన్ని బలపరిచిన వ్యక్తికీ 21వ సెక్షన్ కింద 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఆ వ్యక్తి ఏ వస్తువునూ ప్రచారం చేయకుండా ఏడాది, మళ్లీ తప్పు చేస్తే మూడేళ్లు నిషేధించవచ్చు. చెప్పే ముందు ఆ మాటలు నిజమో కాదో శ్రద్ధగా తనిఖీ చేసుకున్నానని చూపిస్తే ఆ వ్యక్తి బయటపడతారు. ‘బ్రాండ్ వాళ్లు రాసిచ్చారు, నేను చదివాను’ అంటే తనిఖీ చేసినట్టు కాదు. పతంజలి ప్రకటనల కేసులో 2024 మే 7న సుప్రీంకోర్టు కూడా సెలబ్రిటీలు, ఇన్‌ఫ్లుయెన్సర్లు ఇలాంటి ప్రకటనలకు సమానంగా బాధ్యులేనని చెప్పింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వేరేవాళ్లు తయారుచేసిన సరుకు మీద తన మార్కు వేసుకున్న వ్యక్తిని కూడా ఈ చట్టం ‘ఉత్పత్తిదారు’ నిర్వచనంలోకి తెచ్చింది. డబ్బా మీద ఇన్‌ఫ్లుయెన్సర్ పేరో సంతకమో బ్రాండు గుర్తుగా ఉంటే, నేను ప్రచారమే చేశానన్న వాదన బలహీనపడుతుంది. లాక్మే 1952లో టాటా ఆయిల్ మిల్స్ నీడలో పుట్టినప్పుడు ఎవరిని అడగాలో కొన్నవాళ్లకు తెలుసు. ఇప్పుడు పేరు ఒకరిది, ఫ్యాక్టరీ ఇంకొకరిది, అమ్మేది మూడోవాళ్లు, చెప్పేది నాలుగోవాళ్లు. అందుకే ఫిర్యాదులో అందరినీ చేర్చండి. ఎవరి వాటా ఎంతో తేల్చడం వినియోగదారుల కమిషన్ పని.

ఆమె డబ్బు తీసుకుని చెప్పిందో, నిజంగా నచ్చి చెప్పిందో ఎలా తెలుస్తుంది?

చెప్పి తీరాలి. 2022 జూన్ 9న వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం బ్రాండ్‌తో సంబంధం ఉంటే దాచకూడదు. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ విడుదల చేసిన వివరణ ప్రకారం అడ్వర్టైజ్‌మెంట్, స్పాన్సర్డ్, కొలాబరేషన్, పెయిడ్ ప్రమోషన్ లాంటి మాటలు సూటిగా కనబడాలి. వీడియో అయితే మాటలోనూ, తెర మీదా రావాలి. లైవ్ అయితే మొదటి నుంచి చివరిదాకా తెర మీద ఉండాలి. పాతిక హ్యాష్‌ట్యాగ్‌ల మధ్య ఒకదాన్ని ఇరికిస్తే చెప్పినట్టు కాదు. చెప్పనివాళ్ల మీద ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీకి 77100 12345 నంబరుకు వాట్సాప్‌లో ఫిర్యాదు పంపవచ్చు. ఆస్కీ ప్రకటనను సరిచేయమనీ తీసేయమనీ అడగగలదు, మీ డబ్బు ఇప్పించలేదు.

జుగ్సలాయి బజారులో అదే బ్రాండ్ తక్కువకు దొరికింది. అసలుదేనా?

డబ్బా తిప్పి చూడండి. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో, ఏ పదార్థాలు కలిపారో ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు కూడా కావాలి. పదివేల రూపాయల విదేశీ పాలెట్ పేరుతో ఐదొందలకు అమ్మే ‘ఫస్ట్ కాపీ’ మీద ఇవేవీ ఉండవు, ఉన్నా అచ్చు మసకగా ఉంటుంది. ఫస్ట్ కాపీ అంటే నకిలీ అనే అర్థం. నకిలీ సౌందర్య సామగ్రి తయారీకీ అమ్మకానికీ డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో మూడేళ్ల దాకా జైలు ఉంది.

అనుమానం ఉంటే జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆయనకు దుకాణంలో నమూనాలు తీసే అధికారం ఉంది. మీరు కొన్న సరుకును మీరే ఫీజు కట్టి ప్రభుత్వ అనలిస్టుతో పరీక్ష చేయించుకుని, సంతకంతో నివేదిక పొందే హక్కు కూడా అదే చట్టంలోని 26వ సెక్షన్ ఇస్తుంది. ఈ హక్కును ఎవరూ పెద్దగా వాడుకోరు. వాడుకోవాలి.

దుకాణదారు ‘బికా హువా మాల్ వాపస్ నహీ హోగా’ అన్న బోర్డు చూపిస్తున్నాడు. పైగా ఇచ్చింది కచ్చా బిల్లు.

బోర్డు చట్టం కంటే పెద్దది కాదు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. యూపీఐ చెల్లింపు రికార్డు, దుకాణదారుతో నడిచిన వాట్సాప్ మెసేజీలు ఆధారాలుగా పనికొస్తాయి. తయారీదారు ఎవరో చెప్పలేని దుకాణదారు మీదికి ఆ సరుకు బాధ్యత కూడా వచ్చి పడుతుందని మర్యాదగా గుర్తుచేయండి. చాలాసార్లు అక్కడితో పని జరుగుతుంది.

ముఖం మండింది, దద్దుర్లు వచ్చాయి. నా ఒంటికి పడలేదంటున్నారు.

అది కూడా నిజం కావచ్చు. మంచి సరుకు కూడా కొందరికి పడదు, అందుకే మోచేతి లోపల రాసి ఒకరోజు చూడమంటారు. కానీ ఆ మాట తేల్చవలసింది వైద్యులు, కంపెనీ కస్టమర్ కేర్ కాదు. టీఎంహెచ్ ఆసుపత్రికో ఎంజీఎం ఆసుపత్రికో వెళ్లినప్పుడు డబ్బా కూడా తీసుకెళ్లి, చీటీలో వస్తువు పేరు, బ్యాచ్ నంబరు రాయమని అడగండి.

తెల్లబరుస్తామనే క్రీముల విషయంలో మాత్రం చాలా గట్టిగా చెప్పాలి. కేరళలోని కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి వైద్యులు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా మెంబ్రనస్ నెఫ్రోపతీ అనే మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. 15 మందిలో ఒకే అరుదైన రకం కనబడింది. వాళ్లలో 13 మంది తెల్లబరిచే క్రీములు రాసుకున్నవాళ్లే. అనుమానం పాదరసం మీద. మన నిబంధనల ప్రకారం కంటి మేకప్ తప్ప మిగతా వాటిలో అనుకోకుండా చేరే పాదరసం పది లక్షల్లో ఒక వంతు మించకూడదు. లేబుల్ లేని క్రీము రాసుకున్న రెండు వారాల్లో రంగు తేలిందని ఎవరైనా సంతోషంగా చూపిస్తుంటే దయచేసి దాన్ని కొనకండి. ఇప్పటికే వాడుతూ కాళ్లు వాస్తుంటే, మూత్రం నురగగా వస్తుంటే ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోండి.

ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి? కంపెనీ ముంబైలో ఉంది.

ముందు కంపెనీకి రాయండి. ఆన్‌లైన్ వేదికలో కొంటే దాని గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. పొరుగింటి సంతాలీ అక్క తన భాషలోనే చెప్పుకోవచ్చు.

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉంటున్న చోటే కేసు వేయవచ్చు, ముంబై వెళ్లనక్కరలేదు. జుగ్సలాయివాళ్లకు జంషెడ్‌పూర్‌లోని పూర్వీ సింగ్భూమ్ జిల్లా కమిషన్. ఖర్కాయి దాటి ఆదిత్యపూర్‌లో ఉంటే జిల్లా మారి సరాయికెలా ఖర్సావా అవుతుంది. కొన్న విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. రెండేళ్లలోగా వేయాలి. పరీక్ష అవసరమైతే కమిషన్ నమూనాను ప్రయోగశాలకు పంపుతుంది, అందుకే మిగిలిన సరుకు దాచమన్నది.

నిజం చెప్పాలి, ఓపిక కావాలి. 2013లో 79 రూపాయలకు ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ క్రీము కొన్న ఢిల్లీ వినియోగదారు ఫిర్యాదుపై సెంట్రల్ ఢిల్లీ జిల్లా కమిషన్ ఇమామీ కంపెనీకి 14.5 లక్షల జరిమానా వేసింది 2024 డిసెంబరులో. మధ్యలో ఒకసారి తీర్పు వచ్చి, పై కమిషన్‌లో కొట్టుడుపోయి, కేసు మళ్లీ మొదటికొచ్చింది. అన్ని ఫిర్యాదులూ అంతకాలం సాగవు, చాలావరకు 1915 దగ్గరే రాజీ కుదురుతుంది. 79 రూపాయల సరుకు మీద కూడా కమిషన్ అంత మాట అనగలిగిందన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

మీ డబ్బు సంగతి అలా ఉంచి, ఆ ప్రకటనే ఆగాలనుకుంటే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు రాయండి. జిల్లా కలెక్టర్ ద్వారా కూడా ఇవ్వవచ్చు. మన దగ్గర ఆయన్ను డీసీ అంటారు.

ఇన్‌స్టాలో మెసేజ్ పెట్టి డబ్బు పంపాను. సరుకు రాలేదు, అకౌంట్ మాయమైంది.

ఇది నాణ్యత గొడవ కాదు, మోసం. వెంటనే 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు దొరకడం కష్టమవుతుంది.

నా అనుభవం ఉన్నదున్నట్టు రివ్యూగా పెడితే కేసు వేస్తామంటున్నారు.

జరిగింది జరిగినట్టు, ఫొటోతో, బ్యాచ్ నంబరుతో రాయడానికి భయపడకండి. ‘మూడోరోజుకు బూజు కనబడింది’ అనడం మీ అనుభవం. ‘వీళ్లు విషం అమ్ముతున్నారు’ అనాలంటే చేతిలో ప్రయోగశాల నివేదిక ఉండాలి. ప్రచారం చేసిన ఇన్‌ఫ్లుయెన్సర్ రూపం గురించి, ఇంటివాళ్ల గురించి ఒక్క మాటా వద్దు. సరుకు మీది గొడవ మనిషి మీదికి మళ్లితే న్యాయం మీ వైపు ఉన్నా బలం తగ్గుతుంది.

మా అమ్మాయే రీల్స్ చేస్తుంది. ఒక బ్రాండ్ ఉచితంగా లిప్‌స్టిక్‌లు పంపింది, డబ్బేమీ ఇవ్వలేదు. ఆమెకూ ఈ నిబంధనలా?

ఆమెకూ వర్తిస్తాయి. ఉచిత సరుకు, తగ్గింపు, విహారయాత్ర, కమీషన్ లింక్ అన్నీ సంబంధమే. ఎంతమంది ఫాలోవర్లు ఉన్నారన్నది లెక్క కాదు. వాడకుండా బాగుందని చెప్పకూడదు. తయారీ లైసెన్స్ ఉందా, ‘డాక్టర్లు మెచ్చింది’ లాంటి మాటకు కాగితం ఉందా అని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోమనండి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే తనిఖీ చేశానని చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఉండే కాగితం అదొక్కటే. జవాబు ఇవ్వని బ్రాండ్‌కు వీడియో చేయవద్దనండి.

నేను ఇంట్లోనే చిన్న పార్లర్ నడుపుతాను. కొలాబ్ పాలెట్ పార్లర్ కోసం కొన్నాను. నన్ను వినియోగదారు అంటారా?

మీ చేతులతో మీరే చేసుకునే పనికి, బతుకుతెరువు కోసం కొంటే అంటారు. స్వయం ఉపాధికి వాడే సరుకును చట్టం వ్యాపార అవసరం కింద లెక్కించదు. అదే పాలెట్లు డజను కొని తిరిగి అమ్మితే మాత్రం వినియోగదారు కారు, అమ్మకందారు అవుతారు. అప్పుడు మీ దగ్గర పాలెట్ కొన్న పెళ్లికూతురి తల్లి ఫిర్యాదు పట్టుకుని మీ దగ్గరికే వస్తుంది. కాబట్టి టోకు దుకాణంలో కొనేటప్పుడే లైసెన్స్ నంబరు చూసి, పక్కా బిల్లు అడిగి తీసుకోండి.