ముందు ఉద్యోగం, తర్వాతే యూనివర్సిటీ

విదేశాల్లో ఫైనాన్స్ మాస్టర్స్ చేద్దామనుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ‘ఏ యూనివర్సిటీ మంచిది?’ అని. చదువుకుని తిరిగొచ్చేవాళ్లకి అది సరైన ప్రశ్నే. అక్కడే ఉద్యోగం చెయ్యాలన్నది మీ ఆలోచనైతే మాత్రం అది మూడో ప్రశ్న. దానికన్నా ముందు రెండున్నాయి. నాకున్న చదువుకి, అనుభవానికి అక్కడ దొరికే మొదటి ఉద్యోగం ఏది? ఆ ఉద్యోగపు జీతం మీద ఆ దేశం వీసా ఇస్తుందా? ఇవి తేలితే ఏ యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టాలో చాలావరకు తేలిపోయినట్టే.

సాఫ్ట్‌వేర్‌కీ ఫైనాన్స్‌కీ ఇక్కడే తేడా. జావా వచ్చినవాళ్లకి డల్లాస్‌లో అయినా డబ్లిన్‌లో అయినా పని ఒకటే. బ్యాంకు పని అలా కాదు, ఆ దేశపు చట్టాలకీ పన్నులకీ భాషకీ ముడిపడి ఉంటుంది. కాబట్టి ‘ఫైనాన్స్’ అన్న మాట దగ్గర ఆగకండి. క్వాంటా, రిస్కా, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగా, ఫండ్ అకౌంటింగా, ఆడిటా? క్వాంట్ పనికి గణితం, ప్రోగ్రామింగ్ గట్టిగా ఉండాలి. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌కి పేరున్న కాలేజీ, అంతకుముందే చేసిన ఇంటర్న్‌షిప్పులు అడుగుతారు. అవి లేకుండా ఏడాది కోర్సుతో డీల్ టీమ్‌లో కూర్చుంటామనుకోవడం ఆశే. ఫండ్ అకౌంటింగ్, కేవైసీ, రిస్క్ రిపోర్టింగ్ లాంటి పనుల్లో మాత్రం మన దగ్గర చేసిన అనుభవానికి విలువుంది.

ఏడాదిలో కోర్సు అయిపోతుందని చాలామంది మొగ్గేది బ్రిటన్ వైపు. ఆ లెక్కే వేసి చూద్దాం. చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా మీద దాదాపు ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. ఇంతకాలం దాని గడువు రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసుకునే మాస్టర్స్ విద్యార్థులకి 18 నెలలే. అంటే 2026 సెప్టెంబరులో చేరినవాళ్లకి కోర్సు అయ్యాక చేతిలో ఉండేది ఏడాదిన్నర. ఆ తర్వాత కావాల్సింది స్కిల్డ్ వర్కర్ వీసా. దానికి కనీస జీతం 2025 జులై 22 నుంచి ఏడాదికి 41,700 పౌన్లు. కొత్తగా చదువు ముగించినవాళ్లకి ‘న్యూ ఎంట్రంట్’ రాయితీ ఉంది: 33,400 పౌన్లు, లేదా ఆ వృత్తికి ప్రభుత్వం కట్టిన రేటులో 70 శాతం, ఏది ఎక్కువైతే అది. ఈ రాయితీ మొత్తం నాలుగేళ్లే. గ్రాడ్యుయేట్ వీసా మీద గడిపిన కాలం కూడా అందులోనే కలుస్తుంది. ఆలోగా జీతం పూర్తి మెట్టు ఎక్కకపోతే పొడిగింపు రాదు.

ఇప్పుడు మీకు 34,000 పౌన్ల ఉద్యోగం వచ్చిందనుకోండి. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ పోను నెలకి చేతికందేది సుమారు 2,330 పౌన్లు. పెన్షన్ కోత ఇంకా తియ్యలేదు. లండన్‌లో నలుగురు కలిసి ఉండే ఇంట్లో ఒక గదికి వెయ్యి పౌన్లు వేసుకోండి. ట్యూబ్, తిండి, ఫోను, మిగతావన్నీ కలిపి 750. ఇటు ఇంటి దగ్గర 40 లక్షల విద్యారుణం, 11 శాతం వడ్డీ. చదువుకీ ఉద్యోగ వేటకీ రెండేళ్లు వాయిదా దొరికిందనుకున్నా, ఆ రెండేళ్ల వడ్డీయే 8.8 లక్షలు నెత్తిన పడుతుంది. మొత్తం పదేళ్లలో తీర్చాలంటే నెలకి 67 వేలు. పౌను 115 రూపాయలనుకుంటే 580 పౌన్ల పైమాటే. కూడి చూడండి: నెలాఖరుకి మిగిలేది సున్నా. ఇండియా టికెట్ కొనాలంటే క్రెడిట్ కార్డే గతి.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈ లెక్కలో మీరు మార్చగలిగినవి రెండున్నాయి, అప్పు, ఊరు. బ్రిటన్ ఫైనాన్స్ అంతా లండన్‌లోనే లేదు. జేపీ మోర్గాన్‌కి గ్లాస్గోలో, బోర్న్‌మత్‌లో, హెచ్‌ఎస్‌బీసీ యూకేకి బర్మింగ్‌హామ్‌లో పెద్ద ఆఫీసులున్నాయి. ఎడిన్‌బరో అసెట్ మేనేజ్‌మెంట్‌కి పాత కాలం నుంచీ పేరున్న ఊరు. అద్దెలోనే నెలకి మూడు నాలుగు వందలు తగ్గితే బతుకు మారిపోతుంది. వీసా స్పాన్సర్ చెయ్యగల కంపెనీల జాబితాని బ్రిటన్ ప్రభుత్వమే తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. లైసెన్సు ఉన్నంత మాత్రాన కొత్తవాళ్లని స్పాన్సర్ చేస్తారని కాదు. లేకపోతే మాత్రం ఆ కంపెనీ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఇంకో సంగతి చాలామందికి దిగాకగానీ తెలియదు. పెద్ద బ్యాంకులు వచ్చే ఏడాది గ్రాడ్యుయేట్ స్కీములకి దరఖాస్తులు తీసుకునేది ఆగస్టు, సెప్టెంబరు నెలల నుంచే. చాలాచోట్ల చివరి తేదీ దాకా ఆగరు, వచ్చినవి వచ్చినట్టు చూసి నింపుకుంటూ పోతారు. మీరు సెప్టెంబరు చివర్లో దిగి, గది చూసుకుని, సోనా మసూరి ఎక్కడ దొరుకుతుందో కనుక్కునే లోపే మంచివి కొన్ని మూసేస్తారు. అందుకే సీవీ సర్దుకోవడం, న్యూమరికల్ టెస్టులు సాధన చెయ్యడం, కెమెరా ముందు రెండు నిమిషాలు తడబడకుండా మాట్లాడటం ఇవన్నీ విమానం ఎక్కకముందే కానివ్వాలి. జనవరి ఇన్‌టేక్ సీటు తేలిగ్గా వస్తుందని కన్సల్టెంట్లు ఊరిస్తారు. ఫైనాన్స్‌కి నేనైతే వద్దంటాను. ఆ ఏడాది నియామకాల్లో ముఖ్యమైన భాగం అప్పటికే అయిపోయి ఉంటుంది.

అమెరికా సంగతి వేరు. అక్కడ ముందు చూడాల్సింది ఒక ఆరంకెల కోడ్‌ని. ఎఫ్-1 వీసా విద్యార్థికి డిగ్రీ తర్వాత 12 నెలలు పని చేసుకునే అనుమతి, ఓపీటీ, ఉంటుంది. డిగ్రీ స్టెమ్ జాబితాలోదైతే ఇంకో 24 నెలలు. ఫైనాన్స్ డిగ్రీ స్టెమ్మా కాదా అన్నది కోర్సు పేరు చెప్పదు, దాని సీఐపీ కోడ్ చెబుతుంది. 52.0801 అంటే మామూలు ఫైనాన్స్, స్టెమ్ కాదు. 30.7104 అంటే ఫైనాన్షియల్ అనలిటిక్స్, 2022 జనవరిలో స్టెమ్ జాబితాలో చేరింది. రెండు యూనివర్సిటీల్లో ‘ఎంఎస్ ఫైనాన్స్’ అన్న పేరే ఉండొచ్చు. ఒకచోట ఏడాది, ఇంకోచోట మూడేళ్లు దొరుకుతాయి. ఐ-20 మొదటి పేజీలో ఈ కోడ్ ఉంటుంది, కానీ అది చేతికొచ్చేదాకా ఆగకండి. దరఖాస్తు పెట్టే ముందే అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

మూడేళ్లెందుకంటే, ఆ తర్వాత కావాల్సిన హెచ్-1బీ వర్క్ వీసాకి లాటరీ ఏడాదికొక్కసారే. మామూలు కోటా 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20,000. 2026 సీజన్ నుంచి లాటరీలో అందరికీ ఒకే అవకాశం లేదు. ప్రభుత్వం కట్టిన నాలుగు జీతపు స్థాయిల్లో మీ ఉద్యోగం అన్నిటికన్నా పైదైన నాలుగో స్థాయిలో ఉంటే పేరు నాలుగుసార్లు పడుతుంది, ఒకటో స్థాయిలో ఉంటే ఒక్కసారే. చదువు ముగించి చేరే అనలిస్టు ఉద్యోగాలు ఎక్కువగా ఆ కింది స్థాయిల్లోనే ఉంటాయి. 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల హెచ్-1బీ ఫీజు అమెరికా బయట నుంచి తెచ్చుకునే వాళ్లకే గానీ, అక్కడే ఉండి ఎఫ్-1 నుంచి మారేవాళ్లకి కాదని ఇమ్మిగ్రేషన్ శాఖ ఆ తర్వాత వివరణ ఇచ్చింది. ఈ రూల్స్ ఎప్పుడైనా మారొచ్చు కాబట్టి, పాత వీడియోలు చూసి నిర్ణయాలు తీసుకోకండి.

మొదటి 12 నెలల ఓపీటీలో మొత్తం 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఎనభయ్యో రోజు దగ్గరపడుతుంటే తెలిసినవాళ్లు ఎవరో ఒక కన్సల్టెన్సీ నంబరిస్తారు. అవతలి మనిషి తెలుగులోనే ఆప్యాయంగా, ‘రెజ్యూమెలో ఆరేళ్లు పెడదాం తమ్ముడూ, బిజినెస్ అనలిస్ట్‌గా మార్కెటింగ్ చేద్దాం, మిగతాది మేం చూసుకుంటాం’ అంటాడు. చూసుకునేది ఏమీ ఉండదు. స్టెమ్ పొడిగింపుకి కంపెనీ ఈ-వెరిఫైలో ఉండాలి, ఐ-983 ఫారం మీద సంతకం పెట్టి మీకు ఏం నేర్పుతుందో రాయాలి, చేసే పని మీ డిగ్రీకి నేరుగా సంబంధించినదై ఉండాలి. లేని అనుభవం రాసిన రెజ్యూమె హెచ్-1బీ దగ్గరో, స్టాంపింగ్‌కి చెన్నై వెళ్లినప్పుడో, గ్రీన్‌కార్డు దగ్గరో బయటపడుతుంది. అప్పుడు ఆ అన్న ఫోన్ ఎత్తడు.

నన్నడిగితే, ఫండ్ ఆపరేషన్స్‌లో రెండు మూడేళ్లు పనిచేసినవాళ్లు ఐర్లండ్‌ని ఇంకాస్త గట్టిగా చూడాలి. డబ్లిన్‌లో ఐఎఫ్ఎస్‌సీ అనే ఆర్థిక సేవల కేంద్రం చుట్టూ ఫండ్ అడ్మినిస్ట్రేషన్ పెద్ద పరిశ్రమ. హైదరాబాద్‌లో ఆఫీసులున్న స్టేట్ స్ట్రీట్ లాంటి సంస్థలు అక్కడా ఉన్నాయి. మీరిక్కడ రోజూ చూసే ఎన్‌ఏవీ లెక్కలే అక్కడి ఇంటర్వ్యూలోనూ అడుగుతారు. మాస్టర్స్ తర్వాత స్టాంప్ 1జీ అనే అనుమతి మీద రెండేళ్ల దాకా ఉద్యోగం చెయ్యొచ్చు. చిక్కంతా ఆ తర్వాత. క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ జాబితాలో ఫైనాన్స్ ఉద్యోగాలన్నీ లేవు. మీ పని అందులో లేకపోతే సాధారణంగా జనరల్ పర్మిట్, దానికి కంపెనీ ముందు స్థానికుల కోసం ప్రకటన ఇచ్చి చూడాలి. చేరిన మొదటి నెలలోనే హెచ్‌ఆర్‌ని ఈ మాట అడగడానికి మొహమాటపడకండి.

జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలిస్తారు. కానీ ఇంగ్లిష్‌లో కోర్సు చదివి, బీ2 జర్మన్ లేకుండా ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకుల్లో వెతికితే తలుపులు కొన్నే తెరుచుకుంటాయి. కెనడాలో ఏడాది మాస్టర్స్‌కి కూడా మూడేళ్ల వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. ఉద్యోగాలు మాత్రం టొరొంటోలోనే కుప్పపడి ఉన్నాయి, పోటీ అక్కడే డిగ్రీ చదివిన పిల్లలతో.

ఇక యూనివర్సిటీల గొప్పలు. ‘90 శాతం ప్లేస్‌మెంట్’ అని బ్రోషర్‌లో కనిపిస్తే దేనిలో 90 శాతమో చూడండి. ఉదాహరణకి ఒక బ్యాచ్‌లో 120 మంది. సర్వేకి జవాబిచ్చింది 80 మంది. వాళ్లలో ఉద్యోగం వెతుకుతున్నామన్నవాళ్లు 60. దొరికింది 54 మందికి. బ్రోషర్‌లో అది 90 శాతం, మీకు మాత్రం 120కి 54. అందులోనూ సొంత దేశానికి తిరిగెళ్లి చేరినవాళ్లు ఎందరో, అంతకుముందే పనిచేసిన కంపెనీకే వెళ్లినవాళ్లు ఎందరో విడదీసి చెప్పమనండి. చెప్పకపోతే లింక్డ్‌ఇన్‌లో మీరే విడదీయొచ్చు. ఆ కోర్సు రెండు మూడేళ్ల కింద పూర్తిచేసిన భారతీయుల ప్రొఫైళ్లు పాతిక తెరవండి. ఇప్పుడు ఏ దేశంలో, ఏ పనిలో ఉన్నారు? వెళ్లే ముందు ఏం చేసేవారు? అందరూ సీఏలో, ఐఐటీ వాళ్లో అయితే, ఆ ఉద్యోగం తెచ్చింది కోర్సు కాదని అర్థం. బీకాం చదివి, మీరు చేసేలాంటి పనే చేసినవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తే వాళ్లకి రాయండి. తెలుగువాళ్లయితే ఎక్కువగా జవాబిస్తారు, ఆదివారం ఫోన్ చేసి గంట మాట్లాడేవాళ్లూ ఉంటారు.

హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లోని కన్సల్టెన్సీ మీ దగ్గర పైసా తీసుకోకపోతే, వాళ్లకి యూనివర్సిటీయే కమీషన్ ఇస్తోందనే లెక్క. అదేం నేరం కాదు. వాళ్ల జాబితాలో లేని కాలేజీ పేరు వాళ్ల నోట రాదని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

డిపాజిట్ కట్టే ముందు మరో దారి చూడండి. మీరిప్పటికే బ్యాంకులో పనిచేస్తుంటే, దానికి న్యూయార్క్‌లోనో లండన్‌లోనో టీమ్ ఉంటే, లోపలి నుంచే వెళ్లడానికి వీసాలున్నాయి. అమెరికా ఎల్-1కి లాటరీ లేదు. గత మూడేళ్లలో కనీసం ఏడాది ఆ సంస్థలో అమెరికా బయట పనిచేసి ఉండాలి, మేనేజర్ హోదాలోనో ప్రత్యేక పరిజ్ఞానం కావాల్సిన పనిలోనో ఉండాలి. బ్రిటన్‌లో ఇలాంటి బదిలీకి జీతం 52,500 పౌన్లు ఉండాలి, పైగా ఆ వీసా శాశ్వత నివాసానికి దారితియ్యదు. రెండు మూడేళ్ల అనుభవంతో ఇవి అందవు. ఐదారేళ్లకి, మధ్యలో సీఎఫ్‌ఏనో ఎఫ్‌ఆర్‌ఎమ్మో పూర్తిచేసుకుంటే అందొచ్చు. నలభై లక్షల అప్పు లేకుండా. మీ సంస్థలో గత రెండేళ్లలో ఇలా ఎవరైనా వెళ్లారేమో మేనేజర్‌ని అడగండి. ఒక్కరూ లేరంటే ఆ దారి మూసుకున్నట్టే, మాస్టర్స్ దరఖాస్తులు మొదలుపెట్టండి.